కారు పెట్టుకునే షెడ్డులోనే వడ్రంగం: పనిముట్లన్నీ గోడకెక్కించడం ఎలా?

మీరు అడిగింది ఇది: 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున్న షెడ్డు, రాత్రి కారు పెట్టాలి, సెలవు రోజుల్లో వడ్రంగం చేసుకోవాలి, పనిముట్లు ఎక్కడ సర్దాలి?

విశాఖలో మాదీ ఇంచుమించు ఇంతే జాగా. పుస్తకాల అరలు, స్టూళ్లు, అమ్మకు పూజామందిరం అన్నీ అందులోనే చేశాను. నేను పాటించే నియమం ఒక్కటే: ఏ పనిముట్టు తీయాలన్నా ఇంకోటి కదపాల్సిన అవసరం రాకూడదు. లోతైన బీరువా, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ డబ్బాలు జాగా కలిసొచ్చినట్టే కనిపిస్తాయి. కానీ తీయడం కష్టమైన వస్తువును మళ్లీ దాని చోట పెట్టబుద్ధి కాదు. బల్ల మీదే వదిలేస్తాం, సాయంత్రానికి బల్ల నిండిపోతుంది. అందుకే లోతు వద్దు, గోడ కావాలి.

గోడకు నేను గట్టిగా చెప్పేది ఫ్రెంచ్ క్లీట్ పద్ధతి. 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీని పొడవునా మధ్యలో 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే రెండు పట్టీలొస్తాయి. ఒకటి గోడకు బిగించాలి, ఏటవాలు అంచు పైకి, గోడవైపు వాలి ఉండేలా. రెండోది పనిముట్టు పెట్టే చెక్క వెనకాల తలకిందులుగా బిగించాలి. పైనుంచి తగిలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, బరువు పెరిగేకొద్దీ గోడవైపే లాక్కుంటాయి. ఎత్తితే ఊడి వచ్చేస్తుంది. రేపు కొత్త రౌటర్ (చెక్కలో గాళ్లు కోసే మెషిన్) కొన్నారనుకోండి, గోడకు మళ్లీ రంధ్రం వేయనక్కర్లేదు, పక్కవాటిని కాస్త జరిపితే చాలు. ఒకే చోట శాశ్వతంగా మేకులు కొట్టి పనిముట్లు వేలాడదీయడం నాకు నచ్చనిది ఇందుకే. పని మారుతుంటుంది, గోడా దాంతోపాటు మారాలి.

కోతలో రెండు జాగ్రత్తలు. ఏటవాలు అంచు చివర కత్తిలా పదునుగా వస్తుంది, దాన్ని ఇసుక కాగితంతో రెండు మూడు మి.మీ. మొద్దు చేయండి. లేకపోతే మూలలో రంపపు పొట్టు పేరుకుని చెక్క సరిగ్గా కూర్చోదు. రెండోది, పనిముట్టు చెక్క కింది భాగంలో అదే మందం పట్టీ ముక్క ఒకటి అతికించండి. అప్పుడే అది నిటారుగా నిలుస్తుంది, లేదంటే కింద లోపలికి వాలిపోతుంది.

బిగింపు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మన ఇళ్లలో ఇటుక మీద సిమెంటు ప్లాస్టరింగ్ ఉంటుంది, బరువు మోసేది ఇటుకే కానీ ప్లాస్టరింగ్ కాదు. 18 మి.మీ. ప్లైవుడ్, 15 నుంచి 20 మి.మీ. ప్లాస్టరింగ్ పోను ఇటుకలోకి కనీసం 40 మి.మీ. దిగాలి కాబట్టి 80 మి.మీ. స్క్రూ, 10 మి.మీ. ప్లగ్గు తీసుకోండి, అడుగున్నరకొకటి చొప్పున. డ్రిల్ చేస్తే ఎర్ర పొడి రావాలి. బూడిద రంగు పొడే వస్తుంటే మీరు రెండు ఇటుకల మధ్య అతుకులో ఉన్నారు, కొంచెం పక్కకు జరపండి. తేలికపాటి సిమెంటు బ్లాకుల గోడైతే మామూలు ప్లగ్గులు నమ్మొద్దు, వాటికి వేరే యాంకర్లు దొరుకుతాయి.

కారు పక్క గోడకు ఏదీ 8 అంగుళాలకు మించి ముందుకు రాకూడదు. పట్టీలు నేల నుంచి మూడున్నర అడుగుల పైన మొదలుపెట్టండి, రెండు వరసల మధ్య 7 అంగుళాలు చాలు.

ఇక ఉలులు. వీటి అర నాకు అన్నిటికన్నా ఇష్టం. చాలామంది చెక్కకు రంధ్రాలు వేసి ఉలిని పైనుంచి దించుతారు. అప్పుడు ఉలి మొత్తం పొడవు పైకి ఎత్తితేగాని బయటకు రాదు, పైన అంత జాగా వృథా. బదులుగా 20 మి.మీ. రంధ్రం వేసి, ముందు అంచు నుంచి దాంట్లోకి 12 మి.మీ. గాడి కోయండి. పిడి కింది లావు భాగం రంధ్రంలో కూర్చుంటుంది, సన్నటి మెడ మాత్రమే గాడిలోంచి వస్తుంది. అంగుళం ఎత్తి ముందుకు లాగితే ఉలి చేతిలో ఉంటుంది. ఉలి అలుగు (కోసే ఇనుప భాగం) ఎంత వెడల్పు అయినా ఫర్వాలేదు, అది చెక్క కిందే వేలాడుతుంది కదా. మీ ఉలుల మెడ కొలిచి గాడి వెడల్పు సరిచేసుకోండి. పిల్లలు తిరిగే ఇల్లయితే ఈ అరను వాళ్లకు అందని ఎత్తులో పెట్టండి.

గోడ చాలకపోతే గోడను మడతపెట్టొచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో పియానోలు చేసిన హెన్రీ స్టడ్లీ (1838–1925) పనిముట్ల పెట్టె ఫొటోలు ఒకసారి చూడండి. గోడకు తగిలించే ఆ ఒక్క పెట్టెలో దాదాపు 300 పనిముట్లు పట్టాయి. తలుపుల్లా తెరుచుకుంటుంది, లోపల పలకలు తిప్పితే వెనక ఇంకో వరస. అంత నగిషీ మనకు అక్కర్లేదు, ఆ కిటుకు చాలు. కబ్జాలతో (మడత బందులతో) తిరిగే ప్లైవుడ్ తలుపు ఒకటి పెట్టి రెండు వైపులా రంపాలు, మూలమట్టాలు, స్క్రూడ్రైవర్లు తగిలించండి. ఒక చేత్తో తిప్పితే వెనక వైపు ముందుకొస్తుంది కాబట్టి నియమం తప్పినట్టు కాదు.

పని బల్లను గోడకు కబ్జాలతో బిగించి మడిచే రకం చేసుకోండి. బరువైన మెషిన్లకు బ్రేకున్న 3 అంగుళాల చక్రాల స్టాండు. పొడవాటి కలప పైన అటక మీదికి. ప్లైవుడ్ షీట్లు మాత్రం పైకెక్కించొద్దు, 18 మి.మీ.ది 8×4 షీటు ఒక్కటే 30 కిలోల పైమాట. గోడ వారగా నిలబెట్టి, కింద రెండు చెక్క రీపర్లు వేయండి. నేలకు తగిలితే చెమ్మ ఎక్కుతుంది, చెదలూ పడతాయి.

అద్దె ఇల్లయితే ఇదే క్లీట్ పట్టీలను చక్రాల మీద నిలబెట్టిన రెండు పలకలకు కొట్టండి. పలకలు పైన దగ్గరగా, కింద ఎడంగా ఉండాలి. ఇల్లు మారినప్పుడు దొర్లించుకుపోవచ్చు.

గోడ మీద వేలాడే ఇనుముకు గాలి తగులుతుంది, మా సముద్రపు గాలికి తుప్పు ఇట్టే పడుతుంది. పని అయ్యాక కుట్టుమిషన్ నూనె తడిపిన గుడ్డతో ఉలులు, రంపాలు ఒకసారి తుడుస్తాను, ఆ గుడ్డకూ అదే గోడ మీద ఒక మూతడబ్బా ఉంది. డ్రిల్ బ్యాటరీలు మాత్రం గోడ మీద పెట్టొద్దు. రేకుల షెడ్డు మే నెలలో కాలిపోతుంటుంది, లిథియం బ్యాటరీలకు ఆ వేడి పడదు. వాటిని ఇంట్లోకి తెచ్చుకోండి.

ఖర్చు విషయానికొస్తే క్లీట్ పట్టీలకు 18 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒక్కటి చాలు. పొడవునా 145 మి.మీ. చొప్పున 8 పట్టీలొస్తాయి, ఏటవాలుగా కోస్తే 16. గోడకు 5 వరసలు పోను మిగిలినవి అరల వెనక్కి సరిపోతాయి. చేతి మెషిన్‌తో అంత పొడవు ఏటవాలు కోయడం కష్టమనిపిస్తే, కటింగ్ మెషిన్ ఉన్న వడ్రంగి షాపులో కోయించుకోండి, నిటారు కోతా ఏటవాలు కోతా రెండూ అక్కడే అయిపోతాయి.