ఏమీ వాయించనివాడికి బ్యాండ్‌లో ఏం పని?

"ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్‌లో ఏమీ వాయించకుండా, పాడకుండా, ఒట్టి పాటలు రాయడానికే ఒక మనిషి కావాలా, ఆ నాలుగు ముక్కలు గాయకుడే రాసుకోకూడదా?" అని అడిగారు. కావాలి. ఆ "నాలుగు ముక్కలు" దగ్గరే నాకు ఒళ్లు మండింది.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే పొడవాటి పాటలు, వింత తాళాలు ఉండే రాక్. ఆ కోవకి చెందిన బ్రిటిష్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ 1969లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో పీట్ సిన్‌ఫీల్డ్ పేరు దగ్గర మాటలు, వెలుగులు అనే ఉంటుంది. పాటలు రాసిందీ, బ్యాండ్‌కి పేరు పెట్టిందీ, స్టేజీ మీద లైట్లు చూసుకున్నదీ ఆయనే. ప్రోకోల్ హారమ్ అనే ఇంకో బ్యాండ్‌లో పాటలు రాసిన కీత్ రీడ్ వాద్యం జోలికే పోలేదు, అయినా బ్యాండ్ సభ్యుడే.

ఇంజనీరింగ్‌లో మావాళ్లకి హైదరాబాద్‌లో ఒక బ్యాండ్ ఉండేది, బేస్ వాయించేవాడి ఇంటి మేడ మీద ప్రాక్టీసు. నాకు ఏ వాద్యమూ రాదు, కేబుళ్లు చుట్టడం, టీలు తేవడం నా డ్యూటీ. మా గిటారిస్టు ఏడు బీట్ల మీద బ్రహ్మాండమైన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) కట్టి, దానికి అంతరిక్షం, ఒంటరి నక్షత్రం అంటూ ఇంగ్లిష్‌లో తనే రాసుకొచ్చాడు. రాసిన లైన్లు ఎనిమిదికి సరిపోతాయి, ఉన్నవి ఏడు, పాడేవాడు ప్రతిసారీ ఆఖరి మాట మింగేసి మొదటి బీటు కోసం పరుగెడుతున్నాడు, తిట్లు మాత్రం వాడికే. నేను తొడ మీద తకిట తకధిమి వేసుకుంటూ విన్నాను (అక్క వీణ నేర్చుకుంటుంటే పక్కన కూర్చున్న పుణ్యాన మిశ్ర చాపు, అంటే మూడూ నాలుగూ కలిసిన ఏడు దెబ్బల తాళం, ఒంటబట్టింది). "ఒరేయ్, తకిటలో ఒక చిన్న మాట చెప్పి ఆగు, మిగతాది తకధిమిలో చెప్పు, ఆ నక్షత్రం తీసెయ్" అన్నాను. గిటారిస్టుకి కోపం వచ్చేసింది. "ఆగేచోట నా లీడ్ ఉందిరా!" అన్నాడు, లీడ్ అంటే వాడు ఒక్కడే గిటార్ మీద చెలరేగే చోటు.

అదీ అసలు జబ్బు. వాయించేవాడు ఎవడైనా తన భాగానికి అడ్డం రాకుండా రాసుకుంటాడు. ఏమీ వాయించనివాడికి కాపాడుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వాడొక్కడే పాట మొత్తం వింటాడు.

రష్ బ్యాండ్‌కి దాని డ్రమ్మర్ నీల్ పియర్ట్ రాయలేదా అంటారు. రాశాడు, కానీ పాడింది గెడ్డీ లీ కదా, రాసేవాడు వేరే ఉండాలన్న నా మాటే నెగ్గింది. ఇక యెస్ అనే బ్యాండ్‌లో జాన్ ఆండర్సన్ తనే రాసుకుని తనే పాడాడు, గొంతు బంగారం, అర్థం మాత్రం ఆ దేవుడికే తెలియాలి.

మా గిటారిస్టు సణుగుతూనే లీడ్ కాస్త వెనక్కి జరిపాడు, పాట కుదిరింది. కాలేజీ ఫెస్ట్‌లో మాత్రం అనౌన్సర్ వాయించేవాళ్ల పేర్లూ, పాడేవాడి పేరూ చదివి దిగిపోయాడు. ఇప్పటి యాప్‌లూ అంతే, రాసినవాళ్ల పేరు కోసం తవ్వుకోవాలి. పాట వినగానే వేటూరిదా, సిరివెన్నెలదా అని పందేలు కాసిన మనకి ఇదేం ఖర్మ!

అన్నట్టు, నాలుగు ఆల్బమ్‌లయ్యాక కింగ్ క్రిమ్సన్ సిన్‌ఫీల్డ్‌ని సాగనంపింది. ఆయనకేం, తర్వాత సెలీన్ డియాన్ పాడిన ఒక పాట ఆండీ హిల్‌తో కలిసి రాస్తే 1995లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మరి కింగ్ క్రిమ్సన్ వాళ్లు? 1973 ఆల్బమ్‌కి మళ్లీ తమ బ్యాండ్‌లో ఏమీ వాయించని మనిషినే వెతుక్కున్నారు. రిచర్డ్ పామర్ జేమ్స్ అని, జర్మనీలో కూర్చుని రాసి పంపేవాడు.