కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. చాలా ఏళ్లుగా బీడీలు కాలుస్తారు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని కొన్నాళ్లు మందులు వాడాం. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో 2.4 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. బయాప్సీలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తి క్యాన్సర్ అని తేలింది. ఎక్కడికీ పాకలేదని పెట్ స్కాన్‌లో వచ్చింది. ఆపరేషన్ చేయాలంటున్నారు. కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఆపరేషన్ చేయిస్తే ఎన్నాళ్లు బతుకుతారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కత్తి తగలడం వల్ల క్యాన్సర్ పాకదమ్మా. ఊపిరితిత్తి క్యాన్సర్‌ను మన దగ్గర చాలామందిలో బాగా ముదిరాకే గుర్తిస్తారు. టీబీ మందులతో నెలలు గడిచిపోవడం అందుకు ఒక కారణం. అప్పటికే పాకిన జబ్బు తర్వాత బయటపడితే నింద ఆపరేషన్ మీద పడుతుంది. మీ నాన్నగారికి ఆపరేషన్‌తో నయమయ్యే దశలోనే తెలిసింది. దీన్ని చేజారనివ్వకండి.

కుడి ఊపిరితిత్తిలో లోబ్‌లు అనే మూడు భాగాలుంటాయి. గడ్డ ఉన్న లోబ్‌ను మొత్తంగా తీసేసి, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులను కూడా తీసి పరీక్షకు పంపుతారు. గడ్డ 2 సెంటీమీటర్లలోపు ఉండి, అంచున ఉంటే లోబ్‌లో కొంత భాగం తీసినా సరిపోవచ్చని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. మీ నాన్నగారి గడ్డ అంతకంటే పెద్దది కాబట్టి లోబ్ తీయడమే మేలు.

ఎన్నాళ్లన్నది ఒక్క మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు. గడ్డ 2-3 సెంటీమీటర్ల మధ్య ఉండి, గ్రంథులకు పాకని వారిలో నాలుగింట మూడొంతుల మంది అయిదేళ్లు దాటుతున్నారని అంతర్జాతీయ లెక్కలు. అంటే అయిదేళ్లకే ఆయుష్షు తీరుతుందని కాదు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ ఎవార్ట్స్ గ్రాహం ఒక తోటి డాక్టరుకు క్యాన్సర్ వచ్చిన ఊపిరితిత్తిని మొత్తం తీసేశారు. ఆ పేషెంట్ 1963 దాకా బతికారు. సిగరెట్లు కాల్చే అలవాటున్న గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే చనిపోయారు.

అందుకే బీడీ ఈ రోజే మాన్పించండి. కాల్చేవారికి ఆపరేషన్ తర్వాత కఫం పట్టి నిమోనియా వచ్చే ముప్పు ఎక్కువ. ముందుగా ఊపిరితిత్తుల సామర్థ్యం, గుండె పరీక్షలు చేస్తారు. మూడు బంతుల స్పైరోమీటర్ కొని ఇప్పట్నుంచే బంతులు పైకి లేచేలా గాలి పీల్చడం అలవాటు చేయించండి. ఆపరేషన్ అయ్యాక ఛాతీలో గొట్టం ఉంటుంది. దాని సీసాలో బుడగలు వస్తుంటే టెన్షన్ పడకండి, మొదటి రోజుల్లో అది మామూలే. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి గట్టిగా అదుముకోమనండి, నొప్పి తగ్గుతుంది.

గ్రంథుల్లో జబ్బు ఉందని తేలితే తర్వాత కీమో అవసరమవుతుంది. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే పరీక్ష కూడా అడిగి చేయించండి. ఆ మార్పు ఉన్నవారికి, దశను బట్టి, జబ్బు తిరగబెట్టకుండా మాత్రలున్నాయి. ఏమీ అక్కర్లేదన్నా, మొదటి రెండు మూడేళ్లు ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి స్కాన్ మానకండి. మూఢం వెళ్లాక చూద్దామని ఎవరైనా అంటే వినకుండా, సర్జన్ ఇచ్చిన తేదీకే చేర్పించండి.