వైజాగ్‌లో ఉంటూ ఏవీఆర్ ప్రోగ్రామర్ (ఏవీఆర్ రకం మైక్రోకంట్రోలర్ చిప్‌లలోకి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరం) ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా, లేక రెడీమేడ్‌ది కొనుక్కోవడమే మేలా?

చేసుకోవచ్చు, నేను చేసుకున్నదే ఇప్పటికీ వాడుతున్నాను. కానీ డబ్బు మిగులుతుందని మాత్రం తయారు చేసుకోకండి, పార్టులన్నీ విడిగా కొనేసరికి పెద్దగా మిగిలేదేం ఉండదు. యూఎస్‌బీ లోపల ఏం జరుగుతుందో చూడాలనుంటే చేసుకోండి.

థామస్ ఫిష్‌ల్ డిజైన్ చేసిన యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ సర్క్యూట్ తీసుకోండి. ఒక ఏటీమెగా8 (ఇదీ ఏవీఆర్ చిప్పే), 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 68 ఓమ్‌ల రెసిస్టర్లు, రెండు 3.6 వోల్టుల జీనర్లు (వోల్టేజీని హద్దులో ఉంచే డయోడ్లు), ఇంకొన్ని చిల్లర పార్టులు, అంతా జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ బోర్డు) మీద పట్టేస్తుంది. ఆ చిప్‌లో అసలు యూఎస్‌బీ హార్డ్‌వేరే లేదు, మొత్తం సాఫ్ట్‌వేరే నడిపిస్తుంది, అందుకే డేటా లైన్ల దగ్గర చిన్న తేడా వచ్చినా ఊరుకోదు.

ముఖ్యంగా జీనర్లు. షాపులో 3.6 జీనర్ అంటే ఒక్కోసారి ఒక వాట్‌ది చేతిలో పెడతారు, లావుగా ఉంది కదా గట్టిదే అనిపిస్తుంది, కానీ దాని కెపాసిటెన్స్ ఎక్కువ, సిగ్నల్ పాడవుతుంది. మా పిన్ని కొడుకు బోర్డుని కంప్యూటర్ అసలు గుర్తుపట్టలేదు. చిప్ మార్చాడు, కేబుల్ మార్చాడు, ఆఖరికి అర వాట్ జీనర్లు పెట్టాక పలికింది. డాబాగార్డెన్స్ వైపు కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అర వాట్ అని గట్టిగా చూసుకోండి.

ఇక అసలు చిక్కు, ఖాళీ ఏటీమెగా8లోకి ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) ఎక్కించాలంటే ఇంకో ప్రోగ్రామర్ కావాలి! ఫ్రెండ్ దగ్గర ఆర్డ్యూనో యూనో బోర్డు అడిగి తెచ్చుకోండి. అందులో ఆర్డ్యూనోఐఎస్‌పీ స్కెచ్ (యూనోనే ప్రోగ్రామర్‌గా మార్చే ప్రోగ్రామ్) వేశాక యూనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి, లేకపోతే ప్రతిసారీ యూనోయే రీసెట్ అయిపోతుంది. యూనో 11, 12, 13 పిన్నులు డేటాకీ క్లాక్‌కీ, 10 చిప్ రీసెట్‌కి. ఫ్యూజులు (చిప్ సెట్టింగ్ బిట్లు) హై 0xC9, లో 0xEF. ఇక్కడ తొందరపడొద్దు, రీసెట్ పిన్‌ని ఆపేసే బిట్ పడిందంటే ఆ చిప్‌ని మళ్లీ దారికి తేవడానికి 12 వోల్టుల ప్రోగ్రామర్ వెతుక్కోవాలి.

తయారయ్యాక కొత్త చిప్ పలకట్లేదని టెన్షన్ పడకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏటీమెగా8 1 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది, ప్రోగ్రామింగ్ క్లాక్ అందులో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, బోర్డు మీద స్లో జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న క్లిప్) పెడితే సరిపోతుంది.

బీచ్ దగ్గర ఇల్లయితే సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ శుభ్రంగా తుడిచి వార్నిష్ పూయండి, మన ఉప్పు గాలికి రాగి తొందరగా నల్లబడుతుంది.

ఇదే ప్రోగ్రామర్ కాలేజీ ల్యాబ్‌లోని 8051 రకం చిప్‌లకి కూడా పనికొస్తుందా అంటే, చిప్‌ని బట్టి. ఏటీ89సీ51 అయితే కుదరదు, దానికి ఐఎస్‌పీయే (బోర్డు మీద ఉండగానే ప్రోగ్రామ్ ఎక్కించే వీలు) లేదు. ఏటీ89ఎస్52కి ఉంది, కాకపోతే దాని రీసెట్ ఏవీఆర్‌కి రివర్స్, దానికి సపోర్టున్న ఫర్మ్‌వేర్ వేసుకోవాలి.