హోమ్ రన్‌కు బోనస్ రాయకూడదు: బేస్‌బాల్ కాంట్రాక్టుల పని నేర్చుకోవాలంటే

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ ఎల్‌ఎల్‌బీ నాలుగో ఏడాది చదువుతున్నాను. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ప్లేయర్ల కాంట్రాక్టుల పని చేయాలనుంది. బోనస్ క్లాజులంటే ఇన్ని హోమ్ రన్లకు ఇంత అని రాసుకోవడమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అలా రాస్తే లీగ్ ఒప్పుకోదు. హోమ్ రన్లు, బ్యాటింగ్ యావరేజ్, పిచర్ (బంతి విసిరే ఆటగాడు) గెలుపులు, పట్టికలో జట్టు స్థానం... వీటికి బోనస్ ముడిపెట్టడం నిషేధం. ప్లేయర్ ఎంత ఆడాడన్నదానికే ముడిపెట్టాలి: ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతిసారీ ఒకటి), ఆడిన మ్యాచ్‌లు, పిచర్‌కైతే స్టార్టులు (మ్యాచ్‌ను మొదటి పిచర్‌గా మొదలుపెట్టడం), వేసిన ఇన్నింగ్స్ (ఒక్కోదానికి మూడు అవుట్లు). ఎంవీపీ (అత్యంత విలువైన ప్లేయర్), సై యంగ్ (ఉత్తమ పిచర్) లాంటి అవార్డులకు విడిగా రాసుకోవచ్చు.

జపాన్ పిచర్ కెంటా మయెదా 2016లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుతో చేసుకున్న ఎనిమిదేళ్ల కాంట్రాక్టు తీసుకోండి. ఏడాదికి మూల జీతం 30 లక్షల డాలర్లే. బోనస్‌గా 15, 20 స్టార్టుల మెట్లకు 10 లక్షల చొప్పున, 25, 30, 32 స్టార్టులకు 15 లక్షల చొప్పున. 90 ఇన్నింగ్స్ నుంచి 190 దాకా ప్రతి పది ఇన్నింగ్స్ మెట్టుకు రెండున్నర లక్షలు. ఆ ఏడాది అతను 32 స్టార్టులు, 175.2 ఇన్నింగ్స్ వేశాడు. స్టార్టుల మీద 65 లక్షలు, ఇన్నింగ్స్ మీద 22.5 లక్షలు వచ్చాయి. 2018లో బుల్‌పెన్‌లోనూ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల బృందం) వాడారు. 20 స్టార్టులు, 125.1 ఇన్నింగ్స్. అదే లెక్కన రెండూ కలిపి బోనస్ 30 లక్షలే.

అసలు ప్రమాదం అక్కడుంది. ఎవరిని ఎప్పుడు దింపాలో తేల్చేది జట్టే. డబ్బు మిగుల్చుకోవడానికే ఆపారని నిరూపించడం చాలా కష్టం, ఎందుకంటే ఆటపరమైన కారణం ఏదో ఒకటి చూపించగలరు. బుల్‌పెన్‌కు మారే అవకాశమున్న పిచర్‌కు స్టార్టులొక్కటే నమ్ముకోకండి. అప్పియరెన్సుల (పిచర్‌గా దిగిన మ్యాచ్‌ల) మెట్లు కూడా అడగాలి.

రాసేటప్పుడు జారిపోయేవి మరికొన్ని. అట్ బ్యాట్ అని రాస్తే వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు దక్కే ఉచిత మొదటి బేస్) లెక్కలోకి రావు, ప్లేట్ అప్పియరెన్స్ అంటే వస్తాయి. 175.2 అంటే 175 ఇన్నింగ్స్, ఇంకో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు. దశాంశమనుకుంటే లెక్క తప్పుతుంది. ప్రతి మెట్టు డబ్బూ కలుస్తూ పోతుందా, పై మెట్టుది ఒక్కటే ఇస్తారా అన్నది స్పష్టంగా ఉండాలి.

ఇప్పుడు మీ ప్రిపరేషన్. ప్లేయర్స్ అసోసియేషన్ (ఆటగాళ్ల యూనియన్) సైట్‌లో 2022–26 బేసిక్ అగ్రిమెంట్ (లీగ్‌కు, యూనియన్‌కు మధ్య ఒప్పందం) ఉచితంగా దొరుకుతుంది. దానికి జతచేసిన యూనిఫామ్ ప్లేయర్స్ కాంట్రాక్టును ముందు చదవండి. తర్వాత ఒక పిచర్ నాలుగేళ్ల గణాంకాలు బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో తీసుకుని క్లాజు మీరే రాయండి. గాయంతో సగం సీజన్ పోయిన ఏడాదికి ఎంత చేతికొస్తుందో కట్టి చూడండి.

అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేస్తే మంచిది. న్యూ ఓర్లీన్స్‌లోని తులేన్ లా స్కూల్ నిర్వహించే బేస్‌బాల్ ఆర్బిట్రేషన్ (జీతంపై జట్టు, ప్లేయర్ ఒప్పుకోకపోతే మధ్యవర్తులు తేల్చడం) పోటీ ఈ రంగంలో గట్టి సాధన. నేరుగా ఏజెంట్ అవ్వాలని తొందరపడకండి. సర్టిఫికేషన్‌కు రాతపరీక్ష, నేపథ్య తనిఖీతోపాటు ఏదైనా మేజర్ లీగ్ జట్టు 40 మంది రోస్టర్ (ఆటగాళ్ల జాబితా)లోని ప్లేయర్ ఒకరు మిమ్మల్ని తన ఏజెంటుగా పెట్టుకోవాలి. కాబట్టి ముందు ఏజెన్సీల్లో జీతాల ఆర్బిట్రేషన్ ఫైళ్లు తయారుచేసే ఉద్యోగాలకు దరఖాస్తు చేయండి.