మైకా అంటే అభ్రకమేనా?

సందేహం: ఒక ఫర్నిచర్ షాపు కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. కిచెన్ కబోర్డుల 'మైకా ఫినిష్'ను 'అభ్రకపు పూత' అనీ, 'లాకర్ ఫినిష్'ను 'లక్క పూత' అనీ రాశాను. షాపులో పనిచేసే వడ్రంగి చదివి నవ్వారు. మైకా అంటే అభ్రకం, లాకర్ అంటే లక్క కదా? తప్పెక్కడుందండీ?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: నిఘంటువు తీస్తే అది మీ పక్షానే మాట్లాడుతుంది. అయినా ఆయన నవ్వులో న్యాయముంది.

అభ్రకం గనుల్లో దొరికే ఖనిజం. అభ్రం అంటే మబ్బు, ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. పొరలు పొరలుగా ఊడుతూ తళుక్కుమంటుంది కాబట్టి జనం కాకిబంగారం అన్నారు. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం వైపు గనులు దీనికి పేరుపడ్డవి. మీ షాపువాళ్ల మైకాలో ఇది వెతికినా దొరకదు. నిజానికి అది కాగితం! ఫినాలిక్ రెజిన్ అనే రసాయన జిగురులో తడిపిన ముతక కాగితాలను దొంతరగా పేర్చి, పైన టేకు చారలో పాలరాతి మరకలో అచ్చువేసి మెలమైన్ అనే మరో రెజిన్ పట్టించిన కాగితం పరిచి, బాగా వేడిచేసి గట్టిగా అదిమితే వచ్చే రేకు. మందం మామూలుగా ఒక మిల్లీమీటరు.

మరి ఆ పేరెందుకు అంటుకుంది? ఒకప్పుడు విద్యుత్ పరికరాల్లో కరెంటు బయటికి పాకకుండా అభ్రకం వాడేవారు. 1912లో అమెరికాలో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇంజనీర్లు దాని స్థానంలో వాడేందుకు రెజిన్‌తో ఒక పదార్థం చేశారు. ఇంగ్లీషులో 'ఫర్ మైకా' అంటే 'మైకాకు బదులు'. ఆ రెండు మాటలూ కలిసి 'ఫార్మైకా' అయింది. ఆ తర్వాత బల్లల మీదికీ అల్మారాల మీదికీ అలంకారంగా ఎక్కింది. మన దగ్గర సన్‌మైకా అనే బ్రాండు పేరు డాల్డాలాగా, జెరాక్స్‌లాగా జనం మాటైపోయి, ఏ కంపెనీ రేకునైనా అలాగే పిలిచారు. నోళ్లలో నలిగి ముందు ముక్క రాలిపోయాక మిగిలింది మైకా. అభ్రకానికి బదులుగా పుట్టిన సరుకు చివరికి అభ్రకం పేరే పెట్టుకుంది! కాబట్టి వడ్రంగి మైకా, గని మైకా రెండు వేరు మాటలు. మొదటిదాన్ని అనువదించకండి.

'పూత' కూడా కుదరదు. పూసేది తడిగా ఉండి ఆరాలి. మన క్రియలు ఈ విషయంలో చాలా పట్టింపు గలవి. గోడకు సున్నం కొడతాం, తలుపుకు రంగు వేస్తాం, కుర్చీకి వార్నిష్ పూస్తాం, మైకాను ఫెవికాల్ పెట్టి అతికిస్తాం, చెక్కను చిత్రిక పడతాం. (ఈ చివరిది సమీక్షకుల చేతిలో పడి 'జీవితాన్ని చిత్రిక పట్టిన కథ' అయింది. చిత్రిక బొమ్మలు గీసే కుంచె కాదు, చెక్కను నున్నగా చేసే పనిముట్టు. ఆ కథలో జీవితం ఎంత పల్చబడిందో మరి!)

ఇక లక్క. ఈ మాట మనదే. సంస్కృతంలో లాక్షా, ప్రాకృతంలో లక్ఖా, మనకు లక్క. కొమ్మల మీద లక్కపురుగు కారుస్తుంది దీన్ని. పాండవుల లక్క ఇల్లు, పిల్లల లక్కపిడతలు అందరికీ తెలిసినవే. ఏటికొప్పాకలో లేత్ మీద, పాతమాటలో తరిమెన మీద, తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి కర్రకు పట్టుకుంటుంది. లక్క పూత అంటే అదీ. ఈ మాటే పడమటి దేశాలకు వెళ్లి 'లాకర్'గా తిరిగొచ్చింది, కానీ వచ్చేటప్పుడు లక్కను వెంట తెచ్చుకోలేదు. ఇప్పుడు కబోర్డులకు స్ప్రే చేసే లాకర్లలో సాధారణంగా ఉండేది నైట్రోసెల్యులోజ్ లాంటి రసాయనం. స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో రుద్దే పాతకాలపు పాలిష్‌ను మాత్రం 'లక్క పాలిష్' అని నిక్షేపంగా రాయవచ్చు.

మీ కరపత్రంలో 'మైకా అతికించిన కబోర్డులు', 'లాకర్ పాలిష్ వేసిన కబోర్డులు' అని ఉంచండి. రెండోచోట 'పాలిష్' మాత్రం వదిలేయకండి. ఒట్టి 'లాకర్ కబోర్డు' అని రాస్తే, కొనడానికి వచ్చినవాళ్లు నగలు దాచుకునే అర ఎక్కడుందని అడుగుతారు.