పొడపత్రి నమిలితే తీపి యావ తగ్గుతుందా?

ప్రశ్న: మా చేను కంచె మీద పొడపత్రి తీగ అల్లుకుని ఉంది. దీని ఆకు నమిలితే తీపి మీద యావ పోతుందంటున్నారు. అన్నం తిన్నాక ఏదో ఒక తీపి నోట్లో పడకపోతే నాకు ఉండబట్టదు. రోజూ నమలొచ్చా? పొడి చేసి దాచుకోవడం ఎలా? ఇంకో నాలుగు మొక్కలు పెంచాలంటే గింజ వేయాలా, కొమ్మ నాటాలా?

జవాబు: పనిచేస్తుందండీ, అయితే నాలుక మీదే, అదీ కాసేపే. ఆకులో జిమ్నీమిక్ ఆమ్లాలు అనే పదార్థాలు ఉంటాయి, అవి నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అతుక్కుని వాటిని పనిచేయనివ్వవు. ఆకు నమిలి చక్కెర వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి. ఒక అరగంట నుంచి గంట లోపు నాలుక మళ్లీ మామూలైపోతుంది.

కాబట్టి యావ పుట్టగానే, తీపి ఇంకా నోట్లో పడకముందే వాడాలి. ఒక ఆకు బాగా నమిలి ఒక నిమిషం నాలుకంతా తగిలేలా ఉంచి ఉమ్మేయండి, నోరు పుక్కిలించండి, మింగాల్సిన అవసరమే లేదు. చేదుగా ఉంటుంది, ఓర్చుకోవాలి. ఆ తర్వాత మిఠాయి తిన్నా రుచి ఉండదు కాబట్టి రెండో ముక్క మీదికి చెయ్యి పోదు. కానీ రుచి తెలియనంత మాత్రాన తిన్న చక్కెర ఎక్కడికీ పోదు, కడుపులోకే వెళ్తుంది. ఆకు నమిలి వెంటనే టీ తాగి, తియ్యగా లేదని ఇంకో రెండు చెంచాలు కలుపుకునేవాళ్లూ ఉంటారు, అది మరీ నష్టం.

యావ కోసం పొడపత్రి క్యాప్సూల్ మింగితే లాభం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే మందు నాలుకకు తగలనే లేదు. పొడి అయితే చిటికెడు నాలుక మీద వేసుకుని కాసేపు ఉంచుకోవచ్చు.

షుగర్ వ్యాధికి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మాత్రం డాక్టరుకి చెప్పకుండా దీని పొడి గానీ కషాయం గానీ మింగొద్దు, రెండూ కలిసి షుగర్ బాగా పడిపోవచ్చు. ఒళ్లంతా చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే గ్లూకోజ్ తీసుకోవాలి, అప్పుడే ఆకు నమిలి ఉంటే అది తియ్యగా అనిపించదు, అయినా పనిచేస్తుంది, టెన్షన్ పడొద్దు. దీన్ని నమ్ముకుని మాత్రలు మానేయడం ఇంకా ప్రమాదం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్లు దూరంగా ఉండాలి. దీన్ని మింగినవాళ్లలో అరుదుగా కాలేయం దెబ్బతిన్నట్టు కూడా వైద్యులు నమోదు చేశారు, అందుకే నెలల తరబడి మింగమని నేను చెప్పను.

ఇంతకీ మీ కంచె మీద ఉన్నది పొడపత్రేనా? ఇదే కుటుంబానికి చెందిన వెర్రిపాల, అదే మేకమేయని ఆకు, కంచెల మీద ఇలాగే పాకుతుంది, దాన్ని నమిలితే వాంతులే. పొడపత్రి ఆకులు కణుపుకి రెండు చొప్పున ఎదురెదురుగా, చిన్నగా, కాస్త నూగుతో ఉంటాయి, పూలు చిన్నవి, పసుపు రంగులో గుత్తులుగా వస్తాయి. అయినా ఈ గుర్తులు చూసి సరిపెట్టుకోకండి. పూత ఉన్న కొమ్మ ఒకటి తెంపి, కృషి విజ్ఞాన కేంద్రంలోనో వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకో చూపించాకే నోట్లో పెట్టుకోండి. నమిలి చూసి తేల్చుకుందాం అనే పరీక్ష వద్దే వద్దు. పక్క చేలో పురుగుమందు కొడితే ఆ జల్లు కంచె మీదికి వస్తుంది కదా, అలాంటి ఆకు కడిగినా వాడకండి.

పొడికి ముదురు, పచ్చటి, తెగులు లేని ఆకులు కోసి కడిగి, గాలి ఆడే నీడలో పలచగా పరిచి, రోజూ తిరగేస్తూ పిసికితే గలగలమనే దాకా ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు పోతుంది. ఆరాక పొడి కొట్టి గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, బూజు వాసన వస్తే పారేయాలి.

మొక్కలకి కొమ్మే నాటండి, దీని గింజలు మొలిచే శక్తిని త్వరగా పోగొట్టుకుంటాయి. ఏడాది వయసున్న తీగ నుంచి మూడు నాలుగు కణుపుల ముక్కలు తీసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా సంచుల్లో పెట్టి నీడలో తడి ఆరకుండా చూడండి. వేళ్లు పట్టి చిగుళ్లు గట్టిపడ్డాక వానల మొదట్లో నాటుకోవచ్చు. నీళ్లు నిలిచే చోటు మాత్రం వద్దు, వేరు కుళ్లిపోతుంది. పాకడానికి కంచె ఎలాగూ ఉంది. ఆకు కోత రెండో ఏడు నుంచి మొదలుపెట్టండి, అదీ తీగంతా దూసేయకుండా.