ఏడు నిర్ణయాలు రాసుకున్నా.. తొమ్మిదో రోజే బాబును కొట్టేశా. నాకేమైనా జబ్బా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. బాబుకు అయిదున్నరేళ్లు, యూకేజీ. పాపకు రెండున్నరేళ్లు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. మావారిది సెకండ్ షిఫ్ట్, ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. నాన్న వచ్చేదాకా పిల్లలిద్దరూ పడుకోరు. పొద్దున 7.20కి స్కూలు బస్సు. బాబును లేపాలంటే రోజూ యుద్ధమే. జూన్ 12న బడులు తెరిచిన రోజు, ఇకనైనా ఇంటిని ఒక దారిలో పెట్టాలని ఏడు నిర్ణయాలు రాసి ఫ్రిజ్‌కు అంటించా. 5 గంటలకు లేచి యోగా చేయాలి. పిల్లల మీద అరవకూడదు. చెయ్యి చేసుకోకూడదు. అన్నం తినేటప్పుడు వాళ్లకు ఫోన్ ఇవ్వకూడదు. వాళ్ల ముందు నేనూ ఫోన్ పట్టుకోకూడదు. రోజూ ఒక కథ చెప్పాలి. రాత్రి నలుగురం కలిసి భోంచేయాలి. ఎనిమిది రోజులు ఎలాగో నెట్టుకొచ్చా. తొమ్మిదో రోజు రాత్రి పాప అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని ఇరవై నిమిషాలైనా మింగలేదు. అప్పుడే బాబు గ్లాసెడు నీళ్లు నా ల్యాప్‌టాప్ పక్కన ఒలకబోశాడు. వీపు మీద గట్టిగా కొట్టా. వాడు ఏడవలేదు, నా వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు మర్చిపోలేకపోతున్నా. పాప అన్నం సరిగా తినదు, పాలు మాత్రం రోజుకు నాలుగు సీసాలు తాగుతుంది. నాకు సాయంత్రమైతే తలనొప్పి, ఊరికే కోపం. బీపీ ఏమో అని టెన్షన్‌గా ఉంది. కోపం తగ్గడానికి మాత్రలేమైనా ఉన్నాయా?
- ఒక తల్లి, హైదరాబాద్

సలహా: ముందు మాత్రల సంగతి చెప్పేస్తాను. కోపానికంటూ వేరే మాత్ర లేదు. బీపీ ఒకసారి చూపించుకోండి, రెండు నిమిషాల పని. అయితే బీపీ ఉన్న చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి కోపాన్ని చూసి బీపీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మీ ఉత్తరంలో నాకు అనుమానం తగిలిన చోట్లు వేరు. ఒకటి పొద్దున 5 గంటల యోగా. రెండోది పాప పాల సీసాలు.

యోగా మంచిదే కదా అంటారు. లెక్క చూద్దాం. మీవారు పదకొండు దాటాక వస్తారు. ఆయనకు వడ్డించి, గిన్నెలు సర్దుకుని మీరు నడుం వాల్చేసరికి పన్నెండున్నర అనుకుందాం. 5కి లేస్తే మీకు దక్కేది నాలుగున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. రోజుకు రెండున్నర గంటల బాకీ, ఎనిమిది రోజులకు 20 గంటలు. మధ్యలో పాప లేచి ఏడిస్తే అది పైన వడ్డీ. నిద్ర చాలని మనిషికి ముందుగా పోయేది తమాయించుకునే శక్తే. ఆ రాత్రి అంతకుముందెప్పుడూ లేనంతగా చెయ్యి లేచిందంటే నాకు ఆశ్చర్యం లేదు. మీ పట్టికలో మొదటి నిర్ణయమే మిగతా ఆరింటినీ కూల్చింది. ముందు దాన్ని కొట్టేయండి. పాపకు నాలుగేళ్లు వచ్చాక యోగా చేసుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు.

ఇక పాలు. సీసాకు 250 మిల్లీలీటర్లు వేసుకున్నా నాలుగు సీసాలంటే లీటరు. ఈ వయసు పిల్లలకు రోజుకు 400-500 మిల్లీలీటర్లు చాలు. సాయంత్రం ఆరింటికి ఒక సీసా పట్టించి, ఎనిమిదింటికి పప్పన్నం తినమంటే ఆ బుల్లి పొట్టలో చోటెక్కడిది? ఆకలి లేని నోట్లో ముద్ద పెడితే పాప మాత్రం ఏం చేస్తుంది, బుగ్గన దాచుకుంటుంది. మా ఓపీలో ఇది రోజూ ఉండే కథ. 'అన్నం ముట్టదు డాక్టర్ గారూ, ఆకలి పుట్టడానికి టానిక్ రాయండి' అని అడుగుతుంటారు. అడుగుతున్నప్పుడే భుజానికున్న సంచిలోంచి పాల సీసా తొంగి చూస్తుంటుంది. నేను టానిక్ రాయను, సీసా సంగతి అడుగుతాను.

పాలతో ఇంకో చిక్కుంది. అందులో ఐరన్ దాదాపు ఉండదు. పైగా మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రక్తం తక్కువైన పిల్లలు ఊరికే చిరాకు పడతారు, రాత్రి సరిగా పడుకోరు, ఉన్న కాస్త ఆకలీ పోతుంది. కొందరు మట్టి, సుద్దముక్కలు, గోడ సున్నం గీకి తింటారు. మీ పాపకు అలాంటి అలవాటుందేమో గమనించండి. ఉన్నా లేకపోయినా ఈ వారంలో పిల్లల డాక్టరుకు చూపించి సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే రక్తపరీక్ష), అవసరమంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్ష చేయించండి. ఐరన్ మందు మోతాదు పాప బరువును బట్టి ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు పట్టకండి. ఇంట్లో ఉన్న ఐరన్ మాత్రలు, సిరప్ పిల్లల చేతికి అందనిచోట పెట్టండి. ఎక్కువ మింగితే ప్రాణం మీదకు వస్తుంది.

సీసా మాన్పించి గ్లాసులోకి మారండి. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం నాలుగింటికి ఒక గ్లాసు, అంతే. రాత్రి నోట్లో సీసాతో నిద్రపోయే పిల్లలకు ముందు పళ్లు పుచ్చిపోతాయి, కాబట్టి పడుకునేటప్పటి సీసా మొదట ఆపండి. నాలుగైదు రోజులు ఇల్లు దద్దరిల్లుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే 'పసిదాని నోటికాడ పాలు లాగేస్తావా' అంటారు. డాక్టర్ వద్దన్నారని నా మీద వేసేయండి.

ఏడున్నరకు పిల్లలిద్దరికీ అన్నం పెట్టండి. ఇరవై నిమిషాలు చూసి, తిన్నంత తిన్నాక కంచం తీసేయండి. బతిమాలొద్దు, బెదిరించొద్దు. ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు స్క్రీన్ మొత్తం కలిపి రోజుకు గంట దాటకూడదని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతోంది. మూడు పూటలా ఒకేసారి మాన్పించలేరు, ముందు రాత్రి భోజనం ఒక్కటి పట్టుకోండి. ఆకలి మీదున్న పిల్లకు ఫోన్‌తో పని తక్కువే.

నలుగురం కలిసి భోంచేయాలన్నది మీ ఆఖరి నిర్ణయం. వినడానికి బాగుంది, మీ ఇంట్లో మాత్రం అది రాత్రి పదకొండున్నర భోజనం. బాబు అప్పుడు పడుకుని 6.15కు లేస్తే నిద్ర ఏడు గంటలు కూడా లేదు. 3-5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10-13 గంటలు కావాలి. వాడు పొద్దున లేవడం లేదని బద్ధకం అంటగట్టకండి. పడుకునే వేళను మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి, నెల రోజుల్లో రాత్రి తొమ్మిది గంటలకు వస్తారు. కథ అప్పుడు చెప్పండి, పడుకున్నచోటే, లైటు తగ్గించి.

నాన్న సంగతేంటంటారా? మీ ఏడు నిర్ణయాల్లో చివరిదాంట్లో తప్ప ఆయన ఎక్కడా లేరు. పిల్లలకు ఆయనతో గడిపే వేళను రాత్రి నుంచి పొద్దుటికి మార్చండి. ఆరున్నరకు లేచి బాబు పక్కన కూర్చుని ఇడ్లీ తిని, బూట్లు తొడిగి, బస్సు ఎక్కించి రావడం ఆయన పని. వచ్చి మళ్లీ పడుకోవచ్చు, షిఫ్ట్ మధ్యాహ్నమే కదా. ఆయన రాత్రి భోజనం హాట్‌బాక్సులో పెట్టి మీరు పిల్లలతోపాటు పడుకోండి. వడ్డించుకుని తినడం ఆయనకు చేతకాని విద్యేమీ కాదు.

ఇక ఆ దెబ్బ. బాబు దాన్ని మర్చిపోయి ఉంటాడనుకోకండి. ఈరోజే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: 'ఆరోజు అమ్మ నిన్ను కొట్టింది కదా. అది అమ్మ తప్పు. నీళ్లు ఒలికితే మనిద్దరం గుడ్డ తెచ్చి తుడుచుకుందాం.' అంతటితో ఆపండి. 'కానీ నువ్వు కూడా జాగ్రత్తగా ఉండాలి కదా' అని తోక తగిలించారో, వాడికి ఆ తోకే గుర్తుంటుంది.

అరవకూడదు అని రాసుకుంటే ఆ క్షణంలో ఏం చేయాలో మీకు తెలియదు. చేసే పని ఏదో అది రాసుకోండి. చెవులు వేడెక్కుతున్నాయనిపించగానే కంచం కింద పెట్టి, 'అమ్మకు కోపం వస్తోంది, నీళ్లు తాగొస్తా' అని పైకే అని వంటింట్లోకి వెళ్లండి. మా పిల్లల చిన్నతనంలో సింకు దగ్గర నిలబడి నేనెన్ని గ్లాసులు తాగానో లెక్క లేదు. తొమ్మిదో రోజు తప్పిందని మొత్తం పోయినట్టు కాదు. కొత్త అలవాట్ల మీద లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 దాకా వెళ్లింది. మధ్యలో ఒక రోజు తప్పినవాళ్లకు పెద్ద తేడా ఏమీ రాలేదు.

మీకు కూడా సీబీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రోజంతా స్క్రీన్ ముందుంటారు కాబట్టి కళ్లు చూపించుకోండి. తలనొప్పితో వాంతులో, చూపు మసకబారడమో ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కంటినిండా నిద్రపోయినా రెండు వారాలపాటు దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది కోపం సమస్య కాకపోవచ్చు, సైకియాట్రిస్టును కలవండి. మీకుగానీ పిల్లలకుగానీ ఏదైనా చేసుకుంటానేమో, చేస్తానేమో అని భయం వేసిన రోజున మాత్రం వారాలు లెక్కపెట్టకండి, ఇంట్లోవాళ్లకు చెప్పి అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

మూడు వారాల తర్వాత మళ్లీ రాయండి. పాప హిమోగ్లోబిన్ ఎంతుందో, బరువెంతో చెప్పండి. మీరు రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నారో అది కూడా రాయాలి.